ముత్యం గోడలో ఎక్కువైన చక్కెర

పోయిన వారం కోడలిపిల్లని ల్యాబు తలుపు దగ్గర, చేతిలో గాజుగొట్టాల బుట్టతో, నోరు తెరిపించి నిలబెట్టి వదిలేశాం. వారమంతా పాపం అలాగే నిలబడి ఉంటే ఈపాటికి కాళ్లు పట్టేసి ఉంటాయి. ముందు ఆ అమ్మాయిని లోపలికి రానిద్దాం. తను ఏం చూసి కొయ్యబారిపోయిందో తర్వాత చెబుతాను.

ఈ కోడలు పనిచేసేది సాక్షాత్తూ మామగారి ల్యాబులోనే. అక్కడ ఈస్టు పెంచుతారు. రొట్టెల పిండిని పొంగించే ఈస్టుకు చుట్టాలూ పక్కాలూ అందరూ అక్కడ సీసాల్లో ఉన్నారు. సైన్సు అనగానే పేజీ తిప్పేసేవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి, ఇందులో గుండెలు బాదుకునేంత కష్టం ఏమీ లేదు. కంటికి కనపడని ఒక్కొక్క ఈస్టు కణానికీ చుట్టూ ఒక గోడ ఉంటుంది. అది కట్టింది ఇటుకలతో కాదు, చక్కెర గొలుసులతో. లోపలి వరస పేరు గ్లూకాన్, పై పూత పేరు మన్నాన్. ఏ రకం ఈస్టు గోడలో ఏ గొలుసు ఎంత ఉందో కొలవడమే అక్కడి పని. కొలిచి, రాసి, మళ్లీ కొలిచి, మళ్లీ రాయడం. ఇంతకంటే విసుగు పుట్టించే పని లోకంలో లేదని కోడలి భర్త అంటాడు. అతను బడిలో లెక్కలు చెబుతాడు కాబట్టి ఆ మాట అనే హక్కు అతనికి లేదని నా ఉద్దేశం.

ల్యాబులో ఉన్న రకాలన్నిటికీ నెంబర్లే. ఒక్కదానికి మాత్రం పేరుంది, ముత్యం. పళ్లెంలో పెరిగినప్పుడు తెల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతుందని మామగారు పెట్టుకున్న ముద్దుపేరు. ముత్యం గోడలో మిగతావాటికన్నా గ్లూకాన్ చాలా ఎక్కువని ఆయనే తేల్చారు. పుళ్లకు రాసే మలాము తయారుచేసే కంపెనీ ఒకటి ఆ సంగతి విని ఎగిరి గంతేసింది. ముత్యాన్ని గంగాళాల్లో పెంచడానికి కొత్త షెడ్డు కూడా కట్టబోతోంది. రేపు పొద్దున పెద్ద హాల్లో సభ. మామగారికి అదే వీడ్కోలు సభ కూడా. కంపెనీవాళ్ల ముందు, తోటివాళ్ల ముందు ముత్యం సంగతి ప్రకటించి, చప్పట్ల మధ్య ఆయన కుర్చీ దిగాలి.

చిక్కల్లా ఒక్కటే. కోడలు ఎన్నిసార్లు కొలిచినా ముత్యంలో ఆ ఎక్కువ కనపడటం లేదు. మామగారు కొలిస్తే కనపడుతుంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల తన చేతినే తిట్టుకుంది. మామగారిది పనితనం తెలిసిన చెయ్యి, తనది మొద్దు చెయ్యి అనుకుని మనసులోనే కుమిలిపోయింది. పోయిన వారం కథ ఆఖర్న, కడిగిన గొట్టాల బుట్ట పట్టుకుని వచ్చేసరికి మామగారు కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం తీస్తూ, గాజుకడ్డీకి మెత్తటి గుడ్డముక్క చుట్టి, ఒక్కొక్క గొట్టాన్నీ లోపల తుడుస్తున్నారు. అదీ ఆమె చూసింది. అది చూసే కొయ్యబారిపోయింది.

"ఏంటమ్మాయ్, అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? రా, కూర్చో. సభయ్యాక ఈ పని నీదే కదా, చూసి నేర్చుకో," అన్నారు మామగారు.

ల్యాబులో ఆయన్ని ఆమె "సార్" అంటుంది. గేటు దాటితే "మామయ్యా" అంటుంది. ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఇద్దరూ ఇంతవరకు ఎప్పుడూ తప్పలేదు.

"ఆ గుడ్డ ఏంటి సార్?" అంది బుట్ట కింద పెట్టి.

"ఇదా? నా రహస్యాయుధం," అని ఆయన గుడ్డముక్క ఎత్తి చూపించారు. ఉతికి ఉతికి అసలు రంగేదో మర్చిపోయిన తువ్వాలు ముక్క. "మీ అత్తయ్య పాత తువ్వాళ్లు. బాగా వాడి, వెన్నలా మెత్తబడ్డాక నా కోసం కత్తిరించి ఇస్తుంది. అంచులు కూడా కుట్టదు తెలుసా? కుడితే అంచు గట్టిపడి గాజు గీసుకుంటుందట. నేను చెప్పలేదు, తనే ఆలోచించింది."

"గొట్టాలన్నీ దీంతోనే తుడుస్తారా?"

"అన్నీ ఎక్కడ కుదురుతుంది? మిగతా రకాలవి మీ కుర్రకారు కడిగి ఓవెన్‌లో పడేస్తారుగా. ముత్యం గొట్టాలు మాత్రం నేనే తుడుచుకుంటా. ఒక్క నీటి చుక్క మరక కూడా ఉండకూడదు వాటి మీద."

"మరి ఉత్త నీళ్లు పోసి పక్కన పెట్టే గొట్టం? దాన్ని కూడా తుడుస్తారా?"

మామగారు నవ్వారు. "నీళ్ల గొట్టానికి ముస్తాబెందుకే? అది ఓవెన్‌లోదే."

కోడలి చూపు ఆ గుడ్డముక్క మీదే అతుక్కుపోయింది. ఎందుకో చెబుతాను. గోడలోని చక్కెరను కొలిచే పద్ధతి చూడటానికి చాలా తేలిక. గొట్టంలో, ముందే మన్నాన్ తీసేసిన గోడపొడి కలిపిన నీళ్లు వేస్తారు, దాంట్లో ఫినాల్ కొంచెం వేస్తారు, ఆపైన గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఒక్కసారిగా పోస్తారు. గొట్టం భగ్గున వేడెక్కి, చక్కెర ఉంటే తేనెరంగుకు తిరుగుతుంది. ఎంత చక్కెర ఉంటే అంత చిక్కటి రంగు. పక్కన ఉత్త నీళ్ల గొట్టం ఒకటి పెట్టుకుని, దాంతో పోల్చి యంత్రంలో లెక్క చూస్తారు. అంతా బాగానే ఉంది. కానీ ఆ యాసిడ్‌కి నీదీ నాదీ అన్న తేడా లేదు. చక్కెర గొలుసు ఎక్కడిదైనా సరే తెంపి రంగు తేలుస్తుంది. నూలు కూడా చక్కెర గొలుసే. మన నాలుకకు తెలియదు గానీ తువ్వాలు పోగు నిలువెల్లా చక్కెరే.

అంచు కుట్టని తువ్వాలు. అరిగిపోయి నూగు రాలే తువ్వాలు. ముత్యానికి మాత్రమే, అదీ మామగారు మాత్రమే వాడే తువ్వాలు. కోడలు ఈ మూడూ కలిపి చూసుకుంది, చూసుకున్నాక కుర్చీలో కూలబడింది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ అమ్మాయికి మొదట కలిగింది సంతోషం. తన చెయ్యి మొద్దు చెయ్యి కాదు! ఎగిరి గంతేసేదే. అంతలో మామగారి ముఖం చూసింది. ఆయన గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి, లోపలికి చూస్తూ తృప్తిగా తలూపుకుంటున్నారు. ఆ సంతోషం అక్కడికక్కడే చల్లారిపోయింది. ఇంకో రెండ్రోజులు ముందు చూసినా బాగుండేది. అసలు చూడకుండా ఉన్నా బాగుండేది.

"టీ తెస్తాను సార్," అని లేచి వెళ్లిపోయింది.

టీ మరిగేంతసేపూ ఏం చేయాలా అని ఆలోచించింది. చెప్పకపోతే రేపు అబద్ధం సభకెక్కుతుంది. కంపెనీ షెడ్డు కడుతుంది, గంగాళాలు కొంటుంది, కొన్నాళ్లకు వాళ్లే కొలుచుకుని మామగారి పేరు వీధిన పెడతారు. చెబితే, ఆ పేరు రేపే పోతుంది, అదీ కోడలి నోటి మీదుగా. తన భర్తకు ఫోన్ చేద్దామా అనుకుంది. అతను "ముందు టీ తాగు" అంటాడు. ఏ కష్టం చెప్పినా అతను ఇచ్చే సలహా అదే. పైగా అది పనిచేస్తుంది కూడా. అందుకని ఫోన్ చేయకుండానే కప్పు టీ నిలబడి తాగేసి, రెండో కప్పు మామగారి కోసం పట్టుకుని వెనక్కి వచ్చింది.

"మామయ్యా," అంది.

మామగారు చేతిలో పని ఆపేశారు. ల్యాబులో ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు. "ఏమైందే? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. ఇది ల్యాబు సంగతే." కప్పు ఆయన వైపు చాపింది. మిగతాది ఒక్క ఊపులో అనేసింది. "ముత్యంలో ఎక్కువ కనపడుతున్న చక్కెర ముత్యానిది కాదేమో. తువ్వాలుదేమో."

ఆయనకు వెంటనే అర్థంకాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. టీ కప్పు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అంటే నాకు గొట్టం తుడవడం రాదంటావ్."

"అలా అనలేదు సార్."

"ఇప్పుడు సార్ గుర్తొచ్చిందా? నువ్వు పలక పట్టకముందు నుంచి ఈ గొట్టాలు తుడుస్తున్నాను. నీ చేతికి ముత్యం లొంగలేదని నా తువ్వాలు మీద పడ్డావా? రేపు సభ పెట్టుకుని ఇవాళా చెప్పేది?"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఈ కోడలికి ఒక గుణం ఉంది, ఏడుపు వస్తే గొంతు ఇంకా నిబ్బరంగా వస్తుంది. పెళ్లిచూపుల నాడే అత్తగారు అది కనిపెట్టి "ఈ పిల్ల నాకు నచ్చింది" అని భర్త చెవిలో ఊదింది.

"ఇవాళే తెలిసింది కాబట్టి ఇవాళే చెప్పాను. ఒక్క గొట్టం తుడవండి. మీరే తుడవండి, మీరెప్పుడూ తుడిచినట్టే. దాంట్లో ముత్యం వద్దు, ఉత్త నీళ్లు పోసి చూద్దాం. రంగు రాకపోతే మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకోవడాలు మన ఇంట్లో లేవు," అని గదమాయించి ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

కోడలు కదల్లేదు. మామగారు కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించారు. కిటికీ బయట ఎదురు భవనం గోడ తప్ప చూడటానికి ఏమీ లేదు. ఆయనకు ముక్కు మీద కోపం అన్నది నిజమే గానీ, అంతకంటే గట్టి జబ్బు ఇంకొకటి ఉంది. ఎవరైనా చేసి చూద్దామన్న పరీక్షను చేయకుండా ఉండలేరు. పసిపిల్లాడి ముందు మిఠాయి పెట్టి తినొద్దన్నట్టే.

"నీ నోరు మూయించడానికి చేస్తున్నా," అంటూ లేచారు.

కళ్లజోడు పెట్టుకున్నారు, చేతితొడుగులు వేసుకున్నారు. ఓవెన్‌లోంచి కొత్త గొట్టాలు తీసి, ఒకదాన్ని తువ్వాలుతో లోపలంతా తుడిచారు. శ్రద్ధగా తుడిచారు, రోజూకన్నా శ్రద్ధగా. రెండోదాన్ని తుడవకుండా పక్కన పెట్టారు. పొగ బయటికి లాగే అద్దాల అరలో రెంటినీ నిలబెట్టి, రెండింట్లోనూ ఉత్త నీళ్లే పోశారు. ఫినాల్ వేశారు. అప్పుడు యాసిడ్ పోశారు.

తుడవని గొట్టం నీళ్లలాగే ఉండిపోయింది. తుడిచిన గొట్టం మాత్రం ముందు లేత పసుపుకు తిరిగింది, చూస్తూండగానే తేనెరంగుకు వచ్చి నిలిచింది.

మామగారు యాసిడ్ సీసా తిప్పి చీటీ చూశారు. "యాసిడ్ పాతది," అన్నారు.

"రెండింట్లోనూ అదే యాసిడ్ సార్."

"తెలుసు. అన్నాను, అంతే."

ఇంకో గొట్టం తీసుకుని ఈసారి తువ్వాలు అంచు నుంచి ఒక్క పోగు లాగి అందులో వేశారు. ఇది కోడలు అడగలేదు. యాసిడ్ పోయగానే అది చిక్కటి నారింజరంగుకు తిరిగింది. ముత్యం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూపించని రంగు అది. ఆయన ఆ గొట్టాన్ని అరలోనే ఉంచి, తొడుగులు విప్పి, కుర్చీలో కూర్చున్నారు. కళ్లజోడు తీసి ముక్కు మీది గాడి రుద్దుకున్నారు. కోడలికి భయమేసింది.

"మామయ్యా, నీళ్లు తాగుతారా?"

ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని ఆమె కంగారుగా దగ్గరికి వెళ్లింది. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు. మొదట నోరు మూసుకుని నవ్వారు. తర్వాత ఆపుకోలేక బల్ల మీద చరుస్తూ నవ్వారు.

"ఇన్నేళ్లుగా నేను కొలుస్తున్నది మా ఆవిడ తువ్వాళ్లనన్నమాట!"

కోడలికి నవ్వాలో వద్దో తెలియలేదు. తెలిసేలోపే నవ్వేసింది. ఇద్దరూ అలా నవ్వుతుంటే పక్క గదివాళ్లు తలుపు తోసి చూసి, రేపటి సభ సంతోషం కాబోలనుకుని వెళ్లిపోయారు.

నవ్వు తగ్గాక ఇద్దరూ కలిసి ముత్యాన్ని మళ్లీ కొలిచారు. అన్నీ ఓవెన్‌లో ఆరిన గొట్టాలే. ఒకరు పోస్తుంటే ఇంకొకరు చూశారు. ముత్యం మంచి ఈస్టే, గోడ చక్కగానే ఉంది, కానీ క్లాసులో మధ్య బెంచీ పిల్లలాగా మిగతావాళ్లలో కలిసిపోయింది. మామగారు యంత్రంలోని అంకెను చాలాసేపు చూశారు. ఆయనకు బాధ కలగలేదని నేను అబద్ధం చెప్పను. కలిగింది. చేతులారా పెంచినది మరి. కానీ ఆ బాధతో పాటే ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది. తను కొలిస్తే వచ్చేది ఇంకెవరు కొలిచినా ఎందుకు రావడం లేదన్న చిన్న ముల్లు ఆయన మనసులో ఎన్నాళ్ల నుంచో ఉంది. ఆ ముల్లు ఇవాళ బయటికొచ్చేసింది.

"నీ చెయ్యి మంచిదే," అన్నారు.

ఈ ఒక్క మాట కోసం ఆ అమ్మాయి ఎన్ని నెలలు ఎదురుచూసిందో మనకు తెలుసు. గొట్టాలు కడగడానికి వెళ్లిపోయింది. అప్పుడే కడిగిన గొట్టాలను మళ్లీ కడిగింది.

సాయంత్రం ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. వాన వెలిసి రోడ్డంతా తళతళలాడుతోంది. దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. గేటు దాటారు కాబట్టి ఇక మామయ్యే.

"రేపు చెప్పేస్తానే," అన్నారు ఆయన. "మాట్లాడటానికి లేవగానే అదే చెబుతా. లెక్క తప్పింది, ముత్యం మామూలు ఈస్టే, షెడ్డు కట్టకండి అని. కంపెనీవాళ్లు కాస్త చిన్నబుచ్చుకుంటారు, తర్వాత దణ్ణం పెడతారు. కట్టాక తెలిస్తే కొట్టేవాళ్లు."

కోడలికి ఎంత తేలికపడిందంటే, పరాయి మనుషులు లేకపోతే అక్కడే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసేది. "నాకు తెలుసు మామయ్యా, మీరు చెబుతారని."

"కానీ తువ్వాళ్ల మాట ఎత్తను."

ఆమె నడక ఆగింది. "అదేంటి?"

"మీ అత్తయ్య ముందు వరసలో కూర్చుంటుంది. నా పని ఏంటో ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఈస్టుకి గోడ ఏంటండీ, తలుపు కూడా ఉంటుందా అని నవ్వుతుంది. అయినా తన వాటా తను ఇవ్వాలని, నేను అడక్కుండానే, ఆ గుడ్డలు కత్తిరించి మడతపెట్టి ఇచ్చింది. ముత్యానికి ఇవ్వండి అని చెప్పి మరీ ఇస్తుంది. అలాంటి మనిషి ముందు, అందరూ వింటుండగా, కొంప ముంచింది ఆ తువ్వాళ్లే అని మైకులో చెప్పమంటావా?"

"అత్తయ్య తప్పని ఎవరంటారు? తుడిచింది మీరు."

"ఆవిడ అలా అనుకోదు. నీకు తెలుసు ఆ సంగతి."

నిజమే. అత్తగారు వంటలో ఉప్పు ఎక్కువైతే వారం పాటు దాన్ని తలుచుకునే మనిషి.

"మరి తప్పు ఎలా జరిగిందని అడిగితే ఏం చెబుతారు?"

"వయసు మీద పడింది, చెయ్యి వణికింది అంటాను. నమ్ముతారు."

"మీ చెయ్యి వణకదు మామయ్యా."

"అది మీ అత్తయ్యకి తెలుసు, నీకు తెలుసు. చాలదూ?"

కోడలు ఊరుకోలేదు. "చాలదు. మీరు చెయ్యి వణికిందంటే మీ చేతుల్లోంచి వచ్చిన మిగతా లెక్కలన్నీ అనుమానంలో పడతాయి. వాటిల్లో తప్పు లేదు. పైగా అసలు కారణం చెప్పకపోతే రేపు ఇంకో ల్యాబులో ఇంకో ఆయన ఇంకో మెత్తటి గుడ్డ తీసుకుంటాడు. ఆయనకి ఇలాంటి నోరున్న కోడలు ఉండకపోవచ్చు."

మామగారు ఆ చివరి మాటకు నవ్వారు గానీ, లొంగలేదు. "ఆలోచిస్తాలే. నువ్వు మాత్రం ఇంట్లో నోరు జారకు. నా మీద ఒట్టు పెట్టించుకోను, అడుగుతున్నా, అంతే."

ఆజ్ఞాపిస్తే ఆమె ఎదురుతిరిగేదే. అడిగారు కాబట్టి తలూపాల్సి వచ్చింది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటింట్లోంచి కమ్మటి వాసన, గిన్నెల చప్పుడు. కోడలి భర్త బల్ల మీద కంచాలు సర్దుతూ పరీక్ష పేపర్ల మీద విసుక్కుంటున్నాడు. అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏంటి, ఇద్దరూ ఇవాళ ఏదో గెలుచుకొచ్చినట్టున్నారే," అంది. ఆవిడ కళ్లు ఎప్పుడూ అంతే, సగం నిజం ఇట్టే పట్టేస్తాయి.

భోజనాలు మొదలయ్యాయి. కూర బాగుందని మామగారు రెండుసార్లు అన్నారు. మామూలుగా ఆయన ఒకసారి కూడా అనరు. అత్తగారు అనుమానంగా చూసింది గానీ, ఆవిడ కడుపులో అంతకంటే పెద్ద కబురొకటి ఉడుకుతోంది. దాచుకోలేక దాచుకుంటోంది.

"అమ్మా, నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అన్నాడు కొడుకు.

"నోర్ముయ్యి. నేనే చెప్పుకుంటా." అత్తగారు కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి, గొంతు సర్దుకుంది. "మధ్యాహ్నం మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందండీ. రేపు సభలో సారుగారి భార్యగా నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. మీకంటే ముందే అట. నాకేం వచ్చు బాబూ, నన్నొదిలెయ్యండి అన్నా. వాళ్లు వింటేనా!"

మామగారి చేతిలో ముద్ద కంచంలోకి జారింది. "మాట్లాడతానన్నావా?"

"మొదట భయమేసింది. ఈస్టు గురించి నాకేం తెలుసు? తర్వాత కూర్చుని ఆలోచించా. నాకు తెలిసింది ఒకటుంది కదా అనిపించింది." ఆవిడ ముఖం దీపం వెలిగించినట్టు వెలిగిపోయింది. అంత వయసు మనిషీ పదహారేళ్ల పిల్లలా సిగ్గుపడింది. "మన తువ్వాళ్ల సంగతి చెబుతాను. ముత్యం గొట్టాలు తుడిచింది మా ఇంటి తువ్వాళ్లతోనే అని చెబుతాను. గొప్పకి కాదండీ. ఇన్నేళ్లూ మీరు పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చేవారు, మధ్యలో మీ బతుకేంటో నాకు తెలిసేది కాదు. ఆ గుడ్డముక్క మీతో పాటు వెళ్లొచ్చేది. అదే చెప్పాలనుంది నాకు."

"శభాష్ అమ్మా!" అని కొడుకు చప్పట్లు కొట్టాడు. అతనికి ఏమీ తెలియదు.

కోడలు తల ఎత్తలేదు. ఎత్తితే ముఖం చూసి అత్తగారు మొత్తం చదివేస్తుంది. కానీ ఆవిడ అప్పటికే లేచి, అలమారులోంచి కాగితం, పెన్సిలు తెచ్చుకుని, నేరుగా కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు సైన్సు చదువుకున్నదానివి. ఆ తువ్వాళ్ల వల్ల ముత్యానికి ఏం జరిగిందో నాకు తేలిక మాటల్లో చెప్పవే, రాసుకుంటా."

బల్లకు అటువైపు మామగారు కళ్లతోనే వద్దంటున్నారు.

"పొగిడి చెప్పక్కర్లేదమ్మడూ," అంది అత్తగారు పెన్సిలు సరిచేసుకుంటూ. "ఉన్నదున్నట్టే చెప్పు. నేను అక్కడ తప్పు మాట్లాడితే అందరి ముందూ మీ మామయ్యకే చిన్నతనం."